నూనె మానేశాక పెరిగిన కొవ్వు: ఒక మామిడి మండీ ఆసామి కేసు

పోయినేడు జూన్ నెల నడిమధ్యలో, మామిడి సీజన్ మంచి ఊపు మీదున్నప్పుడు, దామలచెరువు వైపు నుంచి భార్యాభర్తలిద్దరు తిరుపతిలో మా క్లినిక్‌కి వచ్చారు. ఆయనకి 43 ఏళ్లు, మామిడికాయల మండీ నడుపుతాడు. చేతిలో మడిచి మడిచి చీకిపోయిన ల్యాబ్ రిపోర్టు, ముఖంలో కోపం. నేను కూర్చోమనేలోపే మొదలుపెట్టాడు.

"నేను కొవ్వు ముట్టి నాలుగు నెల్లయింది మేడం. నెయ్యి ల్యా, నూనె ల్యా, కోడిగుడ్డు ల్యా, ఆఖరికి చెనిక్కాయలు కూడా ల్యా. జనవరిలో 310 ఉండింది, ఇప్పుడు 742 అంట. ఇంక గాలి పీల్చేది కూడా మానుకోవాల్నా?"

ఆ అంకె ట్రైగ్లిజరైడ్లది, అంటే రక్తంలో తిరిగే కొవ్వుది. 150 లోపు ఉండాలి. 500 దాటిందంటే డాక్టర్లు గుండెతో పాటు క్లోమం గురించి కూడా ఆలోచిస్తారు. 1000 వైపు వెళ్లేకొద్దీ క్లోమం వాచే ప్రమాదం పెరుగుతుంది, అది వస్తే మనిషి ఐసీయూలో పడతాడు. కాబట్టి ఆయన కోపంలో న్యాయం ఉంది, మాకు తొందర కూడా ఉంది.

ఆయన అనుమతితోనే ఇది రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. నేను డైటీషియన్‌ని. మందులు పెట్టడం, తీయడం పక్కగదిలో ఉండే మా ఫిజీషియన్ పని. ఈ కేసులో ఇద్దరం కలిసే నిర్ణయాలు తీసుకున్నాం.

రిపోర్టులోనే రెండు మెలికలు

ముందు ఆ కాగితం సంగతి. రక్తం ఇచ్చింది పొద్దున తొమ్మిదిన్నరకి. "పరగడుపునేనా?" అంటే "అవును, టిఫిను చేయలా" అన్నాడు. భార్య పక్కనుంచి అందుకుంది: "నాలుగింటికే మండీకి పోతాడు గదా మేడం, కాయ కోసి రుచి చూడకుండా ఉంటాడా?" ముక్క తిన్నది ఆయన లెక్కలో తినడం కాదు. ఈ మాట మున్ముందు చాలా పనికొచ్చింది.

రెండో మెలిక ఎల్డీఎల్. రిపోర్టులో 52 అని వేశారు. అది చూసి ఆయన తమ్ముడు "చెడ్డ కొలెస్ట్రాల్ 52 అంటే బంగారమే" అని ధైర్యం చెప్పాడంట. ఆ 52 కొలిచింది కాదు, లెక్కగట్టింది. మొత్తం కొలెస్ట్రాల్ 231 లోంచి మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 31 తీసేసి, ట్రైగ్లిజరైడ్లను అయిదుతో భాగించగా వచ్చిన 148 కూడా తీసేస్తే 52. 1972లో ఫ్రీడ్‌వాల్డ్, ఆయన తోటివాళ్లు ఇచ్చిన సూత్రమిది. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే పనికిరాదని మొదటినుంచీ తెలిసిందే. కంప్యూటరు మాత్రం అడగకుండానే లెక్క వేసి అచ్చు వేస్తుంది, కింద సంతకం పెట్టేవాళ్లు చూడరు. ఏ ల్యాబో చెప్పను గానీ, ఇలాంటి కాగితాలు నా టేబుల్ మీదకి నెలకి రెండు మూడు వస్తుంటాయి.

మర్నాడు పన్నెండు గంటల పస్తుతో మళ్లీ తీశాం. ట్రైగ్లిజరైడ్లు 684. మొత్తం కొలెస్ట్రాల్ 226, హెచ్‌డీఎల్ 31, నేరుగా కొలిచిన ఎల్డీఎల్ 98. పరగడుపు షుగరు 109, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1. లివర్ ఎంజైమ్ ఏఎల్‌టీ 68. స్కానింగులో రెండో గ్రేడు ఫ్యాటీ లివర్. థైరాయిడ్, కిడ్నీ బాగానే ఉన్నాయి. తాగుడు లేదు, భార్యని వేరేగా అడిగి నిర్ధారించుకున్నాం. ట్రైగ్లిజరైడ్లను పెంచే మందులేవీ వాడటం లేదు.

ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 71 కిలోలు, బీఎంఐ 25.2. చూడ్డానికి లావు మనిషేం కాదు, చొక్కా గుండీలు పెట్టుకుంటే పొట్ట కూడా పెద్దగా తెలీదు. నడుము కొలిస్తే 96 సెంటీమీటర్లు. మన మగవాళ్లకి 90 హద్దు. పుణేకి చెందిన డాక్టర్ యాజ్ఞిక్ 2004లో లాన్సెట్‌లో తనదీ, బ్రిటిష్ స్నేహితుడు జాన్ యుడ్కిన్‌దీ ఫొటో పక్కపక్కన వేశారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. మన సన్నటి మనుషుల్లో కొవ్వు ఎక్కడ దాక్కుంటుందో చెప్పడానికి నేను ఇప్పటికీ ఆ ఫొటోనే వాడతాను.

మీగడ కట్టని గొట్టం

రెండోసారి రక్తం తీసిన రోజు టెక్నీషియన్ నన్ను లోపలికి పిలిచి ఆ రక్తం గొట్టం చూపించాడు. రక్తాన్ని తిప్పి కణాలు కిందికి దిగాక పైన లేత పసుపు రంగులో, తేటగా ఉండాల్సిన సీరం, పల్చని మజ్జిగలా ఉంది. దాన్ని పారేయొద్దని, మూతబెట్టి ఫ్రిజ్‌లో ఉంచమని చెప్పాను. ఇది పాతకాలపు పరీక్ష. ఇప్పుడు ఎవరూ చేయరు, పైసా ఖర్చు లేదు కాబట్టి ఎవరూ రాయరు కూడా.

తిన్న తిండిలోని నూనె, నెయ్యి పేగు నుంచి రక్తంలోకి కైలోమైక్రాన్లు అనే పెద్ద పెద్ద బొట్లుగా వస్తాయి. అవి తేలిక. రాత్రంతా చల్లగా కదలకుండా ఉంచితే పాల మీద మీగడలా పైకి తేలి కడతాయి. లివర్ తనంతట తాను తయారుచేసి పంపే కొవ్వు వీఎల్డీఎల్ అనే చిన్న రేణువుల్లో వస్తుంది. అది తేలదు. గొట్టం పైనుంచి కిందిదాకా ఒకేలా మబ్బుగా ఉంటుంది.

మర్నాడు పొద్దున గొట్టాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూశాను. మీగడ లేదు. అంతా ఒకటే మబ్బు.

అంటే ఆయన నోటితో తిన్న కొవ్వు కాదిది, ఆయన లివర్ వండిన కొవ్వు. నాలుగు నెలలుగా నూనె మానేసిన మనిషి ఒంట్లో కొవ్వు తయారీ మాత్రం మూడు షిఫ్టుల్లో నడుస్తోంది. దానికి సరుకు ఎక్కడినుంచి అందుతోందో పట్టుకోవడం నా పని.

ఏం తింటున్నాడు

పొద్దున నాలుగింటికి బెల్లం కాఫీ. మండీలో ఇంకో రెండు. తొమ్మిది దాటాక ఆరు ఇడ్లీలు. చట్నీలో చెనిక్కాయలు, కొబ్బరి వద్దన్నారు కాబట్టి నూనె లేని టమాటా పచ్చడి. మధ్యాహ్నం చారన్నం, వెన్న తీసేసిన మజ్జిగన్నం. పప్పు కూడా తాలింపు ఉంటుందని తగ్గించాడు. సాయంత్రం గ్లాసు మామిడి రసం, "పండే కదా" అని. రాత్రి మళ్లీ అన్నమో, నూనె లేని ఉప్మానో. పడుకునేముందు ఆకలేస్తే అరటిపండు. శనివారం ఒక్కపొద్దు, ఆ రోజంతా పండ్లే. ఈ పట్టీ ఎవరి చేతికిచ్చినా "ఎంత పథ్యంగా తింటున్నాడో" అంటారు. కొవ్వు దాదాపు సున్నా, మాంసకృత్తులు అంతంతమాత్రం, మిగతా అంతా పిండి, చక్కెర.

"మండీలో రోజుకి ఎన్ని ముక్కలు తింటారన్నా?" అనడిగాను.

"ఒగటో రెండో. రుచికి అంతే."

ఆయన అబద్ధం చెప్పలేదు, నిజంగా అలాగే అనుకుంటున్నాడు. అందుకని ఒక పని చెప్పాను. ఒక్క రోజు ఆయన కోసిన ప్రతి కాయనీ, ముక్క తీసుకున్నాక, వేరే క్రేటులో వేయమని. మండీలో పనిచేసే కుర్రాడు లెక్కపెట్టాడు. తోతాపురి, బేనీషా, నీలం కలిపి 38 కాయలు. ఒక్కో ముక్క ఎంతుంటుందో మండీ కాటా మీద కాదు, ఇంట్లో చిన్న తూకంలో భార్య తూచింది. సగటున 24 గ్రాములు. గుణిస్తే 900 గ్రాముల పైమాట. పండిన మామిడిలో 100 గ్రాములకి 14 గ్రాముల దాకా చక్కెరలుంటాయి. అంటే ముక్కల్లోనే రోజుకి దాదాపు 125 గ్రాముల చక్కెర. బెల్లం కాఫీలు, సాయంత్రం రసం వీటికి అదనం.

ఆ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "మండీ కాటా మోసం చేయదులే" అన్నాడు. ఆ తూకం ఇంటిదని నేను గుర్తు చేయలేదు.

పండులోని చక్కెర లెక్కలోకి రాదు అనే మాట ఒక పండు, రెండు పళ్ల వరకే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో పెట్టిన చక్కెర హద్దులో కూడా కొరుక్కు తినే పండు లేదు, నిజమే. కిలో పండ్లు తినే మనిషిని దృష్టిలో పెట్టుకుని ఎవరూ అలాంటి హద్దులు రాయరు.

లివర్‌లో జరుగుతున్నది

ఇక్కడ కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఈ కేసంతా ఇక్కడే ఉంది.

లివర్ కణంలో జన్యువులన్నీ ఎప్పుడూ పనిచేస్తూ ఉండవు. కావలసినప్పుడు కావలసినవాటిని చదివించే ప్రోటీన్లు ఉంటాయి. కొవ్వు తయారీకి సంబంధించి ఇద్దరు మేస్త్రీలు ముఖ్యం. ఒకటి స్రెబ్-1సీ. ఇన్సులిన్ పెరిగితే ఇది లేస్తుంది. రెండోది క్రెబ్. కణంలోకి వచ్చిపడే చక్కెరే దీన్ని లేపుతుంది. ఈ రెండూ లేస్తే ఏసీసీ, ఫ్యాటీ యాసిడ్ సింథేజ్ లాంటి ఎంజైముల జన్యువులు గట్టిగా పనిచేయడం మొదలవుతుంది. చక్కెరను కొవ్వుగా మార్చేది ఆ ఎంజైములే. పస్తుంచిన ఎలుకలకి మళ్లీ పిండి తిండి పెడితే వాటి లివర్‌లో ఈ జన్యువుల పని కొన్ని గంటల్లోనే ఎగబాకుతుంది. స్రెబ్ ప్రోటీన్లు బయటపడింది బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌ల ల్యాబ్‌లో. కొలెస్ట్రాల్ మీద పనికి 1985లో నోబెల్ తీసుకున్న జంట వాళ్లు.

పండ్లలో, బెల్లంలో ఉండే ఫ్రక్టోజ్ ఇంకో మెట్టు ఎక్కువ. గ్లూకోజ్ విరిగే దారిలో "ఇక చాలు" అని ఆపే ఒక ఎంజైము కాపలా ఉంటుంది. ఫ్రక్టోజ్ ఆ కాపలాని తప్పించుకుని పక్కదారిన లోపలికి వస్తుంది. ఎంత వస్తే అంత, లివర్ దాన్ని ఏదో ఒకటి చేసి తీరాలి.

ఇంకో సంగతి ఉంది. కొవ్వు తయారయ్యే దారి మధ్యలో మలోనిల్-కోఎ అనే పదార్థం పుడుతుంది. కొవ్వును కాల్చే మైటోకాండ్రియా గుమ్మం దగ్గర సీపీటీ-1 అనే ఎంజైము ఉంటుంది, కొవ్వు ఆమ్లాలను లోపలికి దాటించేది అదే. మలోనిల్-కోఎ దాన్ని ఆపేస్తుంది. రాత్రి అలిపిరి దగ్గర ఘాట్ రోడ్డు గేటు వేసినట్టే. కింద బండ్లు వరసకట్టి ఉంటాయి, పైకి ఒక్కటీ పోదు. కొవ్వు తయారీ జోరుగా సాగినంతసేపూ కొవ్వు కాలడం సాగదు. తయారైన కొవ్వులో కొంత లివర్‌లోనే పేరుకుంటుంది, కొంత వీఎల్డీఎల్ రేణువులుగా రక్తంలోకి వస్తుంది. మా గొట్టంలోని మబ్బు అదే.

ఇదంతా చెప్పి, తప్పంతా అన్నానిదీ మామిడిదీ అంటే అన్యాయం అవుతుంది. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్ల మీద 2005లో అచ్చయిన ఒక పరిశోధనలో, లివర్‌లోని కొవ్వు ఎక్కడినుంచి వచ్చిందో గుర్తు వేసిన అణువులతో లెక్కగట్టారు. 59 శాతం ఒంట్లో నిలవున్న కొవ్వు కరిగి వచ్చిందే. 26 శాతం లివర్ కొత్తగా తయారుచేసుకున్నది. తిండిలోని కొవ్వు నుంచి వచ్చింది 15 శాతం. అంటే ఆ నడుము 96కి కూడా ఇందులో పెద్ద వాటా ఉంది. అయితే ఆయన నాలుగు నెలలుగా కష్టపడి కోత కోసింది మాత్రం, ఉన్న మూడింటిలో అన్నిటికన్నా చిన్నదాన్ని.

ఆకలి

భార్య ఫిర్యాదు వేరు. "రెండు గంటలకోసారి ఏదో ఒకటి పెట్టాలి మేడం. ముందు ఇట్ల ఉండేటోడు కాదు."

ఆయన్ని ఆకలిని రూపాయల్లో చెప్పమన్నాను. అస్సలు లేకపోతే సున్నా, కాస్త ఉంటే పావలా, భరించలేకపోతే రూపాయి. గోడకున్న క్యాలెండరు గళ్లలో భార్య రాసింది. మొదటి మూడు రోజుల్లో మధ్యాహ్నం అన్నం తిన్న రెండు గంటలకే రోజూ ముప్పావలా.

కారణం పెద్ద మర్మమేం కాదు. కొవ్వు, మాంసకృత్తులు చిన్నపేగు మొదట్లోకి రాగానే సీసీకే అనే హార్మోను విడుదలవుతుంది. అది పొట్ట ఖాళీ కావడాన్ని నెమ్మది చేస్తుంది, నరాల ద్వారా మెదడుకి "నిండింది" అని కబురు పంపుతుంది. పేగు చివర్లో జీఎల్‌పీ-1, పీవైవై అనే ఇంకో రెండు ఆ పనే చేస్తాయి. పెద్దపేగులో పీచు పులిస్తే పుట్టే కొవ్వు ఆమ్లాలు కూడా వాటిని పెంచుతాయి. చారన్నంలో ఇవేవీ లేపే సరుకు లేదు. గబగబా దిగిపోతుంది, ఇన్సులిన్ ఎగిరిపడుతుంది, ఆకలి తిరిగొస్తుంది. ఆకలైతే చేతికి అందేది మళ్లీ మామిడే.

1994లో బయటపడ్డ లెప్టిన్ అనే హార్మోను ఒంట్లోని కొవ్వు నుంచి పుట్టి, నిలవ సరిపడా ఉందని మెదడుకి చెబుతుంది. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువైతే లెప్టిన్ రక్తం నుంచి మెదడులోకి దాటడం తగ్గుతుందని 2004లో ఎలుకల్లో చూపించారు. ఎలుకల సంగతి మనుషులకి యథాతథంగా అంటగట్టను. కానీ ఆ క్యాలెండరు చూసినప్పుడు అది గుర్తు రాకుండా ఉండదు.

ఏం మార్చాం

ఫిజీషియన్ గారు ట్రైగ్లిజరైడ్లను తగ్గించే ఫెనోఫైబ్రేట్ మాత్ర రాద్దామనే అన్నారు. 500 పైన ఉంటే అది మామూలు పద్ధతి. గొట్టం, 38 కాయల లెక్క చూపించాక పది రోజులు ఆగుదామన్నారు. షరతులు: పది రోజుల తరువాత 500 కిందికి రాకపోతే మందు మొదలు. ఈలోపు పైకడుపులో నొప్పి వచ్చి వీపులోకి పొడిస్తే, వాంతులైతే, ఏ టైమైనా సరే ఆస్పత్రికి పరుగెత్తాలి.

మొదటిది మండీ సమస్య. టీ రుచి చూసేవాళ్లలా నమిలి ఉమ్మేయమన్నాను. ఆయన లేచి నిలబడినంత పనిచేశాడు. "పండు ఉమ్మితే లక్ష్మీదేవి నిలబడతాదా మేడం?" ఆ మాటతో నా సలహా చచ్చిపోయింది. పరిష్కారం ఆయనే తెచ్చాడు. గుజ్జు ఫ్యాక్టరీలవాళ్లు కాయ తీపిని బ్రిక్స్ మీటరుతో చూస్తారు. అద్దం మీద రెండు చుక్కల రసం వేసి, వెలుగుకేసి చూస్తే అంకె కనబడుతుంది. తోతాపురి గుజ్జుకి 14 బ్రిక్స్ రావాలని వాళ్ల లెక్క. చేతిలో పట్టేది ఒకటి కొనుక్కున్నాడు. రుచి చూడక తప్పని లాట్లకి తమ్ముడి కొడుకుని పెట్టాడు. కుర్రాడికి పందొమ్మిదేళ్లు, రోజంతా క్రేట్లు మోస్తాడు, వాడికి అరుగుతుంది.

బెల్లం కాఫీ మూడు నుంచి ఒకటికి, అదీ చెంచా బెల్లంతో. రసం పూర్తిగా బంద్.

వంటింట్లోకి చెనిక్కాయలు తిరిగొచ్చాయి. ఆ మాట చెప్పినప్పుడు ఆయన కళ్లు చూడాల్సింది. 100 గ్రాముల చెనిగ్గింజల్లో దాదాపు 24 గ్రాముల మాంసకృత్తులు, 40 గ్రాముల కొవ్వు, 10 గ్రాముల పీచు. గుప్పెడు, అంటే 30 గ్రాములు, వేయించో ఉడకబెట్టో పదకొండు గంటలకి. ఇడ్లీలు ఆరు నుంచి మూడుకి దిగాయి, పక్కన చెనిక్కాయల పచ్చడి, రెండు గుడ్లు. మధ్యాహ్నం ముందు కూర, పప్పు, తరువాతే సంగటి. ఉలవలు, అలసందలు వారంలో నాలుగు రోజులు. నూనె నలుగురికి నెలకి రెండు లీటర్లు. మనిషికి రోజుకి 17 మిల్లీలీటర్ల లోపు పడుతుంది. శనివారం ఒక్కపొద్దు మానమనలేదు. పండ్ల బదులు పాలు, ఉడకబెట్టిన చెనిక్కాయలు. భోజనం తరువాత పావుగంట నడక. నడిస్తే కండరాల్లో రక్తంలోని ట్రైగ్లిజరైడ్లను విడగొట్టి లోపలికి తీసుకునే లైపేజ్ చురుగ్గా ఉంటుంది.

చేపల గురించి అందరూ అడుగుతారు. చేప నూనెలోని ఒమేగా-3లు స్రెబ్-1సీని అణుస్తాయి, కొవ్వును కాల్చే జన్యువులని లేపే పీపార్-ఆల్ఫాని ఉత్సాహపరుస్తాయి. ఫెనోఫైబ్రేట్ మాత్ర నొక్కేది కూడా ఈ పీపార్-ఆల్ఫానే. కానీ ట్రైగ్లిజరైడ్లు గట్టిగా తగ్గాలంటే రోజుకి రెండు నుంచి నాలుగు గ్రాముల ఒమేగా-3 కావాలి, అది మందు మోతాదు. వారానికి రెండుసార్లు మత్తి చేపల పులుసు తినమన్నాను, మంచిదే. అంకె దానివల్ల దిగిందని మాత్రం చెప్పను. అవిసె గింజల్లో ఉండే ఒమేగా-3 వేరే రకం, చేపల్లోదిగా మారేది చాలా తక్కువ.

ప్రసాదం వద్దనే ధైర్యం తిరుపతిలో ఏ డైటీషియన్‌కీ లేదు. చిటికెడు కళ్లకద్దుకుని తిని, మిగతా లడ్డూ మండీ కూలీలకి పంచమన్నాను. పుణ్యం కూడా అదే ఎక్కువ అన్నాడు.

పదో రోజు

ట్రైగ్లిజరైడ్లు 391. బరువు 70.4. అంటే తగ్గింది 600 గ్రాములు, అందులో నీరెంతో తెలీదు. నడుము కదలనే లేదు.

ఇది చూసి ఆయనకన్నా నేను ఎక్కువ సంబరపడ్డాను. సీజన్ అప్పటికి ఇంకా ముమ్మరంగానే ఉంది, మామిడి అయిపోయినందువల్ల దిగిందనడానికి లేదు. బరువు తగ్గినందువల్లా కాదు. లివర్‌కి వచ్చే చక్కెర తగ్గింది, ఇన్సులిన్ తగ్గింది, మేస్త్రీలు కూర్చున్నారు, ఎంజైములు తగ్గాయి, గేటు తెరుచుకుంది. బరువు కాటాకి తెలిసేలోపే లివర్‌కి తెలిసిపోయింది. మందు అవసరం పడలేదు.

క్యాలెండరులో రెండో వారం నుంచి మధ్యాహ్నం ఆకలి పావలాకి దిగింది. ఒక గడిలో భార్య అంకె వేయకుండా "అడగలా" అని రాసింది.

ఆరో వారం 236. అంతా సాఫీగా పోతోందనుకున్నాను.

నా తప్పు

తొమ్మిదో వారం 318. సీజన్ అయిపోయింది, మామిడి లేదు. ఆయన ఒట్టు పెట్టుకుంటున్నాడు ఏమీ తప్పలేదని. క్యాలెండరు తెప్పించి చూస్తే, పొద్దున, సాయంత్రం "రాగిజావ" అని ఉంది. అడిగితే భార్య ఎంతో సంతోషంగా చెప్పింది: మెత్తగా పట్టించిన రాగిపిండి, పాలు, గ్లాసుకి 30 గ్రాముల దాకా బెల్లం. "మీరే గదా మేడం కాగితంలో రాసిచ్చింది, రాగులు మంచివి, వాడండి అని."

రాసిచ్చాను. అంతే రాసిచ్చాను. ఏ రూపంలో, ఎంత, దేనితో అని రాయలేదు. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో పీచు 11 గ్రాముల పైన, బియ్యంలో 3 కూడా లేదు. కాల్షియం 364 మిల్లీగ్రాములు. ఇవి అందరూ చెబుతారు. అదే పట్టికలో రాగుల పిండిపదార్థం దాదాపు 67 గ్రాములు, బియ్యానిది 78. పెద్ద తేడా లేదు. సంగటి గట్టిగా ఉంటుంది, కూరతో తింటాం, నెమ్మదిగా దిగుతుంది. మెత్తటి పిండిని జావ కాచి 60 గ్రాముల బెల్లంతో రోజూ తాగితే అది మామిడి రసానికి అన్నదమ్ముడే. బెల్లం చక్కెర కాదనే నమ్మకం చిత్తూరు జిల్లాలో గానుగల పొగతో పాటే పుట్టింది. దాన్ని నేను ముందే ఊహించి ఉండాల్సింది. బెల్లంలో కూడా ముప్పాతిక వంతు పైన సుక్రోజే, అందులో సగం ఫ్రక్టోజ్.

ఆ రోజు నుంచి నా కాగితాల్లో "రాగులు మంచివి" అనే వాక్యం లేదు. "సంగటి, మీ పిడికిలంత ముద్ద, బియ్యం నూకలు పావు వంతు మించకుండా" అని ఉంటుంది. జావ కావాలంటే మజ్జిగ, ఉల్లిపాయ వేసిన అంబలి.

పద్నాలుగో వారం 171. హెచ్‌డీఎల్ 37, ఏఎల్‌టీ 41, హెచ్‌బీఏ1సీ 5.7. బరువు 67.5, నడుము 91.

"మా వంశంలోనే ఉంది"

ఆయన తండ్రి 52 ఏళ్లకి గుండెపోటుతో పోయాడు. తమ్ముడికి కూడా ట్రైగ్లిజరైడ్లు 280. కాబట్టి "రాతలో ఉన్నదాన్ని సంగటి మార్చేస్తాదా?" అని అడిగాడు. మంచి ప్రశ్న. వంశంలో ఉన్నది నిజమే అయ్యుంటుంది. అదే 38 ముక్కలు రోజూ తిన్నా, వంశంలో అది లేనివాళ్లందరికీ 684 రాదు. తిండి ఆ జన్యువుల అక్షరాలని మార్చలేదు, వాటిలో వేటిని ఎంతసేపు చదవాలో మార్చింది. జావ రెండు పూటలా మొదలుకాగానే మూడు వారాల్లో 318కి ఎగిరింది కూడా అందుకే. ఈ స్విచ్చులు రెండు వైపులా పడతాయి. ఈ మధ్య "మీ జన్యువుల్ని రీసెట్ చేసే డైట్" అని వేలకి వేలు గుంజుతున్న వాళ్లని చూసినప్పుడు ఆ 318 కాగితం తీసి చూపించాలనిపిస్తుంది.

ఇంకోటి కచ్చితంగా చెప్పాలి. ఇది చదివి ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్న ప్రతివాళ్లూ చెనిక్కాయలు మొదలుపెట్టొద్దు. ఆ రోజు గొట్టంలో మందంగా మీగడ కట్టి ఉంటే, అంకె 1000 దాటి ఉంటే, నేను సరిగ్గా తలకిందుల సలహా ఇచ్చేదాన్ని: నూనె, నెయ్యి, గింజలు అన్నీ ముందు ఆపండి అని. తిన్న కొవ్వును రక్తంలోంచి తీసేయలేని స్థితి అది, అక్కడ ఈయన మొదట చేసిన పథ్యమే ప్రాణం కాపాడుతుంది.

ఈ ఏడు జూన్‌లో, సీజన్ మళ్లీ నడుస్తుండగా, రమ్మన్నాను. అసలు పరీక్ష అదే. 183 వచ్చింది. బ్రిక్స్ మీటరు చొక్కా జేబులోంచి తీసి టేబుల్ మీద పెట్టి, రిపోర్టు కన్నా ముందు దాన్ని చూపించాడు. అద్దానికి రసం ఎండి అంటుకుని ఉంది.

"ఒక బేనీషా తినొచ్చునా మేడం? రోజుకి ఒగటి?"

"సగం. అన్నం తిన్నాక, అన్నం కొంచెం తగ్గించి."

ఆయన కాసేపు ఆలోచించాడు. మండీ మనిషి కదా, బేరం వదలడు.

"సగమంటే, టెంక ఉండే సగమా, టెంక లేని సగమా?"